వైరస్ పట్టిన కంప్యూటరుకు క్వారంటైన్ : ఒక చిన్న చరిత్ర



మన సావనీరులో ప్రతి ఏటా యుద్ధాల గురించి, రెజిమెంట్ల గురించి, పరమవీర చక్ర గ్రహీతల గురించి మంచి వ్యాసాలు వస్తున్నాయి. నేను సిగ్నల్స్‌లో పనిచేసి సుబేదారుగా రిటైరైనవాణ్ణి. అందుకని ఈసారి తుపాకీ పేలని ఒక యుద్ధం గురించి రాద్దామనుకున్నాను. వైరస్ పట్టిన కంప్యూటరును ఇంటర్నెట్ నుంచి వేరు చేయడం అనే పద్ధతి ఎలా పుట్టింది, ఎక్కడెక్కడ పనిచేసింది, ఎక్కడ బెడిసికొట్టింది అన్నదే ఈ వ్యాసం. ఇది కంప్యూటరు ఇంజనీర్ల గొడవ, మనకెందుకు అనుకోవద్దు. ఈ రోజు మన పెన్షన్, లైఫ్ సర్టిఫికెట్, బ్యాంకు ఖాతా, పిల్లల ఫీజులు అన్నీ ఈ తీగ మీదే నడుస్తున్నాయి. ఆ తీగ ఎవరు, ఎప్పుడు, ఎందుకు కోయవచ్చో తెలుసుకోవడం మన అవసరం.

క్వారంటైన్ అన్న మాట

ఈ మాట పాతది. 1377లో రగూసా అనే రేవు పట్టణం (ఇప్పటి క్రొయేషియాలోని డుబ్రోవ్నిక్) ప్లేగు ఉన్న ఊళ్ళ నుంచి వచ్చిన వాళ్ళను 30 రోజుల పాటు విడిగా ఉంచింది. తరువాత ఆ గడువు 40 రోజులైంది. ఇటాలియన్ భాషలో నలభైకి ఉన్న మాట నుంచే క్వారంటైన్ వచ్చింది. మన దేశంలో 1896లో బొంబాయిలో ప్లేగు వచ్చాక 1897లో అంటువ్యాధుల చట్టం చేశారు. 2020లో కరోనా వచ్చినప్పుడు బయటికి తీసింది ఆ చట్టాన్నే.

ఫౌజీలకు ఇది కొత్త కాదు. బ్యారక్‌లో ఒక జవానుకు ఆటలమ్మ పోసిందంటే ఎం.ఐ. రూములో డాక్టరు సాబ్ చూసి, వెంటనే ఐసోలేషన్ వార్డుకు పంపిస్తారు. అతని పరుపు, బట్టలు విడిగా పెడతారు. కానీ ఒక్క విషయం గమనించండి. అతనికి మందు అందుతుంది, భోజనం అందుతుంది, జీతం ఆగదు, ఎప్పుడు బయటికి వస్తాడో డాక్టరు చెబుతాడు. అతన్ని క్వార్టర్ గార్డ్‌లో పెట్టరు. రోగికీ నేరస్తుడికీ తేడా మన సైన్యానికి బాగా తెలుసు. ఈ తేడాను గుర్తుపెట్టుకొని ముందుకు వెళ్దాం.

1988 : మొట్టమొదటి పెద్ద కోత

1986లో లాహోరుకు చెందిన ఇద్దరు అన్నదమ్ములు రాసిన 'బ్రెయిన్' అనే వైరస్ ఫ్లాపీల మీద దేశదేశాలు తిరిగింది. అది ఫ్లాపీ వైరస్ కాబట్టి ఫ్లాపీ పక్కన పడేస్తే సరిపోయేది. నెట్‌వర్క్ మీద దానంతట అదే పాకే పురుగు వచ్చాక కథ మారింది.

1988 నవంబరు 2 రాత్రి అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయం విద్యార్థి రాబర్ట్ మోరిస్ ఒక ప్రోగ్రాము వదిలాడు. అప్పట్లో ఇంటర్నెట్‌లో ఉన్నవి సుమారు 60,000 కంప్యూటర్లు. అందులో దాదాపు 6,000 పట్టుబడ్డాయని అంచనా. ఆ ప్రోగ్రాము ఫైళ్ళు చెరపలేదు, కానీ ఒకే మెషీన్‌లో మళ్ళీ మళ్ళీ దూరి దాన్ని మొరాయించేటట్టు చేసింది. అమెరికా సైన్యం వాడే మిల్‌నెట్ 1983లోనే పరిశోధన సంస్థల ఆర్పానెట్ నుంచి విడిపోయింది. కానీ రెండింటి మధ్య ఉత్తరాలు వెళ్ళడానికి కొన్ని వంతెనలు ఉండేవి. మర్నాడు సైన్యం ఆ వంతెనలను మూసేసింది. శత్రువు వస్తుంటే బ్రిడ్జి పేల్చి వెనక్కి తగ్గినట్టే అనుకోండి.

అయితే ఇక్కడే మొదటి గుణపాఠం దొరికింది. పురుగును ఎలా చంపాలో బర్క్‌లీ, ఎం.ఐ.టి. నిపుణులు త్వరగానే కనిపెట్టారు. ఆ మందు పంపవలసింది కూడా అదే నెట్‌వర్క్ మీద. భయపడి తీగలు పీకేసుకున్న చోట్లకు మందు ఆలస్యంగా చేరింది. అంటే జబ్బు రాకుండా తలుపు మూస్తే డాక్టరు కూడా బయటే ఉండిపోయాడు. ఈ అనుభవంతోనే అదే నెలలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో మొట్టమొదటి సెర్ట్, అంటే కంప్యూటరు అత్యవసర దళం ఏర్పడింది. మోరిస్‌కు కోర్టు 1990లో మూడేళ్ళ ప్రొబేషన్, 400 గంటల సమాజ సేవ, 10,050 డాలర్ల జరిమానా వేసింది.

2000 నుంచి 2003 దాకా : గంటల్లో కాదు, నిమిషాల్లో

మన దేశంలో సామాన్యులకు ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న వి.ఎస్.ఎన్.ఎల్. ద్వారా వచ్చింది. 2000 మే 4న ఫిలిప్పీన్స్ నుంచి 'ఐ లవ్ యూ' అనే ప్రేమలేఖ వైరస్ బయలుదేరింది. పెంటగాన్, బ్రిటిష్ పార్లమెంటు సహా ఎన్నో పెద్ద కార్యాలయాలు ఈ-మెయిల్‌ను కొంతసేపు ఆపుకోవలసి వచ్చింది. దాన్ని రాసిన కుర్రవాణ్ణి శిక్షించడానికి ఆ దేశంలో అప్పటికి చట్టమే లేదు. మన ఐ.టి. చట్టం అదే ఏడాది అక్టోబరు 17 నుంచి అమలులోకి వచ్చింది. అంటే ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం పుట్టడానికి సరిగ్గా 15 రోజుల ముందు.

2003 జనవరి 25న వచ్చిన 'స్లామర్' సైజు 376 బైట్లు మాత్రమే. మనం రాసే ఒక చిన్న పేరా అంత కూడా లేదు. కానీ పది నిమిషాల్లోనే తనకు దొరకగలిగిన మెషీన్లలో 90 శాతం పట్టేసింది. దక్షిణ కొరియాలో ఇంటర్నెట్ స్తంభించింది, అమెరికాలో ఒక పెద్ద బ్యాంకు ఏ.టి.ఎం.లు వేల సంఖ్యలో ఆగిపోయాయి. ఇంత వేగంలో ఒక్కొక్క రోగిని వెతికే టైము లేదు. అందుకని ఇంటర్నెట్ కంపెనీలు మనుషుల కనెక్షన్ కోయకుండా, ఆ పురుగు వాడే ఒక్క ద్వారాన్ని, అంటే 1434 నంబరు పోర్టును, మూసేశాయి. ఊరి దారులన్నీ మూయకుండా శత్రువు వచ్చే ఒక్క దారి మీద నాకా పెట్టడం లాంటిది ఇది.

అదే ఏడాది ఆగస్టులో 'బ్లాస్టర్' వచ్చింది. దానికి మందు జూలైలోనే విడుదలైంది, కానీ ఎక్కించుకున్న వాళ్ళు తక్కువ. వెనకే 'వెల్చియా' అని ఇంకొకటి వచ్చింది. ఇది బ్లాస్టర్‌ను తీసేసి మందు వేస్తానంటూ చెప్పకుండా దూరి, నెట్‌వర్క్‌లను ఇంకా ఇరుకు చేసింది. అమెరికా నౌకాదళం నెట్‌వర్క్‌కు ఇది తగిలింది. సెప్టెంబరులో అమెరికా విదేశాంగ శాఖ వీసాలు తనిఖీ చేసే సిస్టమ్ కొన్ని గంటల పాటు ఆగిపోయింది.

ఈ దెబ్బతో అమెరికా యూనివర్సిటీల్లో ఒక కొత్త పద్ధతి బాగా వ్యాపించింది. సెలవుల తరువాత విద్యార్థి తన కంప్యూటరు తెచ్చి హాస్టల్ నెట్‌వర్క్‌కు తగిలిస్తే ముందు ఒక పరీక్ష గదిలోకి వెళ్తుంది. అక్కడ నుంచి వైరస్ మందు, విండోస్ మరమ్మతులు మాత్రమే అందుతాయి. శుభ్రమని తేలాకే బయటి ఇంటర్నెట్. సిస్కో కంపెనీ 2003 నవంబరులో ఇటువంటి ఏర్పాటును ప్రకటించింది. మైక్రోసాఫ్ట్ 2008లో తన సర్వర్లలో పెట్టింది. 1988లో తగిలిన దెబ్బకు ఇదే జవాబు. రోగిని విడిగా ఉంచు, కానీ మందుల కిటికీ తెరిచి ఉంచు.

సైన్యాలకు తగిలిన దెబ్బలు

మన సర్వీసులో ఉన్నవాళ్ళు చాలామంది అనేమాట ఒకటుంది. "మా కంప్యూటరుకు ఇంటర్నెట్టే లేదు, వైరస్ ఎలా వస్తుంది సాబ్?" దీనికి చరిత్ర మూడు జవాబులు చెబుతుంది.

ఒకటి. 2008లో మధ్య ప్రాచ్యంలోని ఒక అమెరికా స్థావరంలో ఎవరో ఒక పెన్ డ్రైవ్‌ను సైన్యం ల్యాప్‌టాప్‌కు పెట్టారు. అందులోని పురుగు రహస్య నెట్‌వర్క్‌లోకి దూరింది. పెంటగాన్ ఆ నవంబరులో పెన్ డ్రైవులనే నిషేధించింది. శుభ్రం చేసే పనికి నెలలు పట్టింది. అమెరికా సైబర్ కమాండ్ ఏర్పడడానికి ఈ సంఘటన ఒక ముఖ్య కారణం.

రెండు. 2009 జనవరిలో ఫ్రెంచి నౌకాదళం లోపలి నెట్‌వర్క్‌కు 'కన్‌ఫికర్' పట్టింది. నెట్‌వర్క్‌ను విడగొట్టారు. ఫ్లైట్ ప్లానులు డౌన్‌లోడ్ చేసుకోలేక కొన్ని రఫేల్ విమానాలు నేల మీదే ఉండిపోయాయని అప్పట్లో పత్రికలు రాశాయి. ఆ కొద్దిసేపు విమానం బాగానే ఉంది, పైలట్ బాగానే ఉన్నాడు, కాగితమే లేదు. కోత వల్ల వచ్చే నష్టం వైరస్ నష్టానికి ఏమీ తక్కువ కాదని ఇది చెబుతుంది.

మూడవది మన తెలుగు నేల మీదే జరిగింది. 2012లో విశాఖపట్నంలోని తూర్పు నౌకాదళ కమాండ్ కేంద్రంలో కంప్యూటర్లకు వైరస్ పట్టిందని పత్రికల్లో వచ్చింది. ఐ.ఎన్.ఎస్. అరిహంత్ జలాంతర్గామి పరీక్షలు జరుగుతున్న ఊరు అది. సున్నితమైన సమాచారం ఉన్న ఆ కంప్యూటర్లకు ఇంటర్నెట్ లేదు. కానీ పెన్ డ్రైవ్ ఉంది. వార్తల ప్రకారం ఆ పురుగు పెన్ డ్రైవ్‌లో కనపడని ఫోల్డరు తయారు చేసుకొని, కావలసిన ఫైళ్ళు అందులో దాచుకునేది. అదే పెన్ డ్రైవ్‌ను ఇంటర్నెట్ ఉన్న కంప్యూటరుకు పెట్టగానే ఆ ఫైళ్ళను చైనాలోని చిరునామాలకు పంపేది. నౌకాదళం విచారణ జరిపించింది.

కాబట్టి ఇంటర్నెట్ కోసేస్తే పని అయిపోయిందనుకోవడం పొరపాటు. తీగ లేని చోట మనిషి జేబే తీగ. ఇది నేను సొంతంగా చూసిన విషయం కూడా. నేను పనిచేసిన ఒక యూనిట్‌లో ఒక ఆఫీసు కంప్యూటరులో ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారిపోయాయి. వెంటనే లాన్ తీగ తీసి, మెషీన్ మీద ఎర్ర చీటీ అంటించారు. బాగానే ఉంది. కానీ దాన్ని బాగుచేసేది ఎవరు, ఎన్ని రోజుల్లో అన్నది ఎక్కడా రాసి లేదు. వారం గడిచింది. పార్ట్ టూ ఆర్డర్లు ఆగాయి, దాంతో జవాన్ల అలవెన్సులు ఆగాయి. చివరికి పాపం ఒక క్లర్కు ఎక్కడ నుంచో ఇంకో పెన్ డ్రైవ్ తెచ్చి పని పూర్తి చేశాడు. అంటే క్వారంటైన్ సరిగ్గా లేకపోతే మనుషులు దాన్ని దాటడానికి ఇంకో దొంగదారి వెతుక్కుంటారు. ఆ దొంగదారి నుంచే మళ్ళీ వైరస్ వస్తుంది.

కోతకు తేదీ పెట్టిన రోజు

2010లో మైక్రోసాఫ్ట్ అధికారి స్కాట్ చార్నీ ఒక ప్రతిపాదన చేశారు. ప్రజారోగ్యంలో టీకాలు, క్వారంటైన్ ఉన్నట్టే కంప్యూటర్లకూ ఆరోగ్య పరీక్ష ఉండాలి, జబ్బుపడ్డ వాటిని ఇంటర్నెట్‌లో తిరగనివ్వకూడదు అని. ఆ మాట మీద పెద్ద చర్చ జరిగింది. ఇంటర్నెట్ ఫోను మీద అంబులెన్సుకు ఫోన్ చేసే మనిషికి "ముందు అప్‌డేట్ చేసుకో" అని మెషీన్ అడ్డం పడితే ఏమిటి గతి? ఈ చిక్కును గుర్తించి ఆయనే మరుసటి ఏడాది పట్టు సడలించారు. అదే 2010లో ఆస్ట్రేలియా పార్లమెంటు కమిటీ ఒకటి ఇంటర్నెట్ కంపెనీలు వైరస్ పట్టిన వినియోగదారులకు చెప్పాలి, వినకపోతే కనెక్షన్ తగ్గించాలి లేదా ఆపాలి అని సిఫారసు చేసింది. అక్కడి కంపెనీలు డిసెంబరు నుంచి స్వచ్ఛందంగా ఒక నియమావళి పెట్టుకున్నాయి. జపాన్ 2006 నుంచే ఇంకో దారి పట్టింది. కనెక్షన్ కోయకుండా, వినియోగదారుడికి తెలియజేసి, ఉచితంగా మందు ఇచ్చింది. జర్మనీ కూడా 2010లో సలహా కేంద్రం పెట్టింది.

ఇక అసలు పరీక్ష 2012లో వచ్చింది. డి.ఎన్.ఎస్. ఛేంజర్ అనే వైరస్ కంప్యూటరు చిరునామాలు వెతికే పుస్తకాన్నే మార్చేసి, జనాన్ని దొంగల సర్వర్ల వైపు తిప్పేది. 100కు పైగా దేశాల్లో 40 లక్షల కంప్యూటర్లు దీని బారిన పడ్డాయి. 2011 నవంబరులో ఎస్టోనియాకు చెందిన ఆరుగురి మీద అమెరికా ఎఫ్.బి.ఐ. కేసు పెట్టి, ఆ సర్వర్లను స్వాధీనం చేసుకుంది. అప్పుడొక ధర్మసంకటం వచ్చింది. దొంగ సర్వర్లు ఆపేస్తే వాటి మీద ఆధారపడ్డ అమాయకులందరికీ ఇంటర్నెట్ పోతుంది. అందుకని కోర్టు అనుమతితో వాటి స్థానంలో మంచి సర్వర్లు నడిపించారు. 2012 మార్చి 8న ఆపాలనుకున్నారు, జనం ఇంకా తయారుగా లేరని జూలై 9 దాకా పొడిగించారు. ఎనిమిది నెలల ప్రచారం తరువాత కూడా ప్రపంచంలో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లు మిగిలాయి. అందులో మన దేశానివి కూడా ఉన్నాయి. జూలై 9న సర్వర్లు ఆగాయి. కొన్ని కంపెనీలు తమ వినియోగదారుల కోసం సొంత ఏర్పాటు చేసుకోవడంతో పెద్ద గగ్గోలు లేకుండా గడిచింది. ముందు నోటీసు, తగిన గడువు, ఉచిత మందు, ఆ తరువాతే కోత. ఈ క్రమం నాకు ఎంతో న్యాయంగా కనిపిస్తుంది.

మన దేశంలో

మన దేశపు అత్యవసర దళం సెర్ట్-ఇన్ 2004 జనవరిలో పని మొదలుపెట్టింది. ఐ.టి. చట్టానికి 2008లో చేసిన సవరణ 2009 అక్టోబరు నుంచి అమలై దానికి చట్టబద్ధమైన అధికారం ఇచ్చింది. 2017 ఫిబ్రవరి 21న సైబర్ స్వచ్ఛతా కేంద్రం మొదలైంది. దీని పద్ధతి జపాన్ పద్ధతికి దగ్గర. వైరస్ పట్టిన కంప్యూటర్ల ఇంటర్నెట్ చిరునామాలు సేకరించి, ఇంటర్నెట్ కంపెనీలకు ఇస్తారు. కంపెనీ తన వినియోగదారుడికి తెలియజేస్తుంది. అతను కేంద్రం వెబ్‌సైట్ నుంచి శుభ్రం చేసే సాధనాన్ని ఉచితంగా తీసుకోవచ్చు. కనెక్షన్ కోయరు. అదే రోజు విడుదల చేసిన 'యు.ఎస్.బి. ప్రతిరోధ్', 'ఎం-కవచ్' వంటి సాధనాలు తయారైంది మన హైదరాబాదులోని సి-డాక్‌లో. ఇది తెలుగువాళ్ళం గర్వంగా చెప్పుకోవచ్చు.

మూడు నెలలు తిరగకుండానే 2017 మే 12న 'వాన్నాక్రై' ప్రపంచం మీద పడింది. 150 దేశాలు, రెండు లక్షలకు పైగా కంప్యూటర్లు. ఆంధ్రప్రదేశ్‌లో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖ, శ్రీకాకుళం జిల్లాల్లో కొన్ని పోలీసు కంప్యూటర్లు కూడా దీని బారిన పడ్డాయి. దీనికి మందు మార్చి 14నే విడుదలైంది. బ్రిటన్‌లో ఆసుపత్రి ట్రస్టులు 34 వైరస్ వల్ల దెబ్బతిన్నాయి. మరో 46 వైరస్ పట్టకపోయినా, చాలావరకు ముందుజాగ్రత్తగా తీగలు, ఈ-మెయిల్ ఆపుకోవడం వల్ల ఇబ్బంది పడ్డాయి.

ఇందులో ఒక విచిత్రం ఉంది. ఈ వైరస్ పని మొదలుపెట్టే ముందు ఇంటర్నెట్‌లో ఒక వింత చిరునామాను పిలిచేది. జవాబు వస్తే నిద్రపోయేది. మార్కస్ హచిన్స్ అనే బ్రిటిష్ యువకుడు ఆ చిరునామాను రిజిస్టరు చేయడంతో వ్యాప్తి ఆగింది. అయితే ఇంటర్నెట్ పూర్తిగా కోసేసిన ఆఫీసుల్లో ఆ పిలుపుకు జవాబు రాదు. కాబట్టి లోపలి నెట్‌వర్క్‌లో అది పాకుతూనే ఉండేది! 1988లో తలుపు మూస్తే డాక్టరు బయట ఉండిపోయాడని చెప్పుకున్నాం కదా, 29 ఏళ్ళ తరువాత మళ్ళీ అదే.

ఆ ఏడాది జూలైలో ఇంకో సంగతి. ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చని బ్రాడ్‌బ్యాండ్ మోడెముల మీద ఒక మాల్‌వేర్ పడి మన దేశంలో వేల మోడెములు పనిచేయకుండా పోయాయి. బి.ఎస్.ఎన్.ఎల్. వినియోగదారులను పాస్‌వర్డ్ మార్చుకోమని కోరింది. అది 'బ్రికర్‌బాట్' పని అన్నారు. దాన్ని రాసినవాడి వాదన ఏమిటంటే, రక్షణ లేని మెషీన్లు ఇతరులకు ప్రమాదం, కాబట్టి నేనే వాటిని ఇంటర్నెట్ నుంచి తీసేస్తున్నాను అని. ఎవరి అనుమతీ లేదు, నోటీసు లేదు, మందు లేదు. జబ్బుపడ్డ వాడి ఇంటిని కాల్చి ఊరికి మేలు చేశానన్నట్టు ఉంది.

2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద దాడి జరిగినప్పుడు ఇంటర్నెట్ ఆపి, రోజుల తరబడి ఓ.పి. చీటీలు చేత్తో రాశారు. అదే సంవత్సరం ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ ఇటువంటి సంఘటన తెలిసిన 6 గంటల్లో తమకు చెప్పాలని సంస్థలకు ఆదేశం ఇచ్చింది.

నా అభిప్రాయం

ఈ చరిత్ర అంతా చూశాక నాకు తోచింది ఇది. వైరస్ పట్టిన కంప్యూటరును తిరగనివ్వడం తప్పు. ఒకడి నిర్లక్ష్యం పదిమందికి చేటు. రాత్రి సెంట్రీ నిద్రపోతే ప్రమాదం అతనొక్కడికే కాదు కదా. యూనిట్ నెట్‌వర్క్‌లో అయితే వెంటనే తీగ తీయవలసిందే, దానికి రెండో మాట లేదు.

కానీ ఇంట్లో ఉన్న పౌరుడి సంగతి వేరు. 2020 జనవరి 10న సుప్రీం కోర్టు ఇంటర్నెట్ ద్వారా భావప్రకటనకు, వ్యాపారానికి రాజ్యాంగ రక్షణ ఉందని, ఆంక్షలు అవసరానికి మించి ఉండకూడదని చెప్పింది. అది ప్రభుత్వాలు విధించే షట్‌డౌన్ల కేసు. కానీ అందులోని న్యాయం ఇక్కడ కూడా ఆలోచించదగ్గదే. నవంబరు నెలలో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వవలసిన డెబ్బై ఏళ్ళ హవల్దారు గారి కంప్యూటరులో ఆయనకు తెలియకుండా వైరస్ ఉందనుకోండి. ఒక ఉదయం ఇంటర్నెట్ పోయింది. ఎవరూ చెప్పలేదు, ఎక్కడికి వెళ్ళాలో తెలియదు. స్పర్శ్ పోర్టల్ తెరుచుకోదు. ఆయన చేసిన నేరం ఏమిటి? మన ఐ.టి. చట్టం 66వ సెక్షన్ కూడా దురుద్దేశంతో వైరస్ పెట్టినవాణ్ణే శిక్షిస్తుంది, దాని బారిన పడ్డవాణ్ణి కాదు.

కాబట్టి కంప్యూటరు క్వారంటైన్ కూడా మన ఐసోలేషన్ వార్డులా ఉండాలి. ముందు తెలుగులోనో హిందీలోనో అర్థమయ్యే నోటీసు, కొంత గడువు, ఉచిత మందు, బ్యాంకు, పెన్షన్, అంబులెన్సు వంటి అవసరాలకు ఒక కిటికీ, శుభ్రమైన వెంటనే డిశ్చార్జి. ఇవన్నీ పెట్టి కూడా వినని వాడికి అప్పుడు కోత.

చివరగా మన సభ్యులకు కొన్ని మనవులు. విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తో, విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో కంపెనీ మామూలు మద్దతు ముగిసింది. పాత సిస్టమ్ ఉన్నవాళ్ళు పిల్లల చేత చూపించుకోండి. ఇంటి మోడెమ్ పాస్‌వర్డ్ మార్చండి. బజారులో ఫొటో స్టూడియోకు, జిరాక్సు షాపుకు వెళ్ళి వచ్చిన పెన్ డ్రైవ్‌ను స్కాన్ చేయకుండా తెరవకండి. సర్వీసులో ఉన్న తమ్ముళ్ళు బయటి పెన్ డ్రైవ్‌ను ఆఫీసు మెషీన్‌కు అసలు చూపించవద్దు. వైరస్ అని అనుమానం రాగానే తీగ తీసి, రీస్టార్టుల జోలికి పోకుండా, పైవాళ్ళకు చెప్పండి. మెషీన్‌ను పక్కన పెట్టే అధికారి దాన్ని బాగుచేసే తేదీ కూడా ఆ ఎర్ర చీటీ మీదే రాయాలి. అది లేని క్వారంటైన్ సగం డ్యూటీ మాత్రమే.

జై హింద్.